మేడ స్టేషన్ పడగొట్టిన చేతులకు దండం

బెంగుళూరులో మేడ స్టేషన్‌ను పడగొట్టినోళ్ళు యాడుండారో గానీ, ఆ చేతులకు కుప్పం నుంచే దండం పెడతాండాను. ఇంత ఉపకారం మాకు కన్నతల్లి కూడా చేసింది లేదు! ఎగతాళి చేస్తాండాననుకోబాకండి. ఎగతాళి చేసేంత చదువు నాకు లేదు. మూడో క్లాసుతో నా బడి ముగిసింది. అది కూడా అయ్యవారు ట్రాన్స్‌ఫరై పోయినందుకే గానీ నేను మానుకున్నందుకు కాదు.

మేడ స్టేషనంటే ఏదని ఫోన్లలో వెతకబాకండి. బోర్డు మీద దానికి ఇంకేదో పేరుండేది. ఆ పేరును మా కుప్పం బండిలో ఎవరన్నా పలకంగా నేను వినలేదు. నేల మీద పోయే పట్టాలు ఆడికి రాంగానే స్తంభాల మీదికెక్కుతాయి. పైన రైలు, కింద బస్సులు, నడుమ రాతి మెట్లు. మేడ మీద రైలాగితే దాన్ని మేడ స్టేషననక ఇంకేమంటారప్పా?

ఊరోళ్ళకు అది స్టేషను. మాకు అంగడి. పొద్దున్నే కుప్పంలో గంపలతో ఎక్కి, ఆడ దిగి, గోడ వారగా మెట్టుకొకరం గోనెపట్ట పరుచుకోని కూచునేవాళ్ళం. ఆఫీసులకు దిగేవాళ్ళు, ఇండ్లకు ఎక్కేవాళ్ళు, అందరూ మా పక్కనించే పోవాల. కరివేపాకు, నిమ్మకాయలు, చెనక్కాయలు, ఏ కాలానికి ఏది పండితే అది. నాది అనపకాయలు, చిక్కుడు మాదిరి గింజ కాయలు. చలికాలమొస్తే పితికిపప్పు. నానబెట్టిన అనప గింజను రెండు వేళ్ళ నడుమ పట్టి పితికితే తోలొక వైపు, పప్పొక వైపు పడుతుంది. చూసేదానికి ఆట మాదిరే ఉంటుంది, చేసేదానికి నడుము పడిపోతుంది. బెంగుళూరోళ్ళకు ఆ పప్పంటే ప్రాణం. పితికే ఓపిక మాత్రం లేదు. వాళ్ళకు ఓపిక లేకపోవడమే మా ఇంటి బతుకుతెరువు.

ఇంగ మెట్ల సంగతి చెప్పాల. అది చెప్పకపోతే పడగొట్టింది ఎంత పుణ్యమో మీకు తెలిసిరాదు.

మా వైపు కొన్ని ఇండ్లల్లో ఆస్తంటే పొలం కాదు, మెట్టు. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పేరు. మెట్లు మలుపు తిరిగే చోటుది మలుపు మెట్టు. జనం ఊపిరి పీల్చుకునేదానికి ఆడ నిలబడతారు గాబట్టి బేరాలన్నీ ఆడనే తెగేవి. అది పుంగనూరులో పుట్టి కుప్పంలో కాపురముండే సుగ్రాది. కొత్తిమీర, పుదీనా అమ్ముతుంది. మాది గాలి మెట్టు. పక్క గోడలో రాయి ఊడి ఒక కంత ఉండేది. నడి ఎండాకాలంలో గూడా దాంట్లోంచి చల్లగాలి తగిలేది. మా అత్త ఆ గాలికే ముసలిదైంది. కండ్లు మసకేసినాక ఒకనాడు మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, తన గోనెపట్ట మడిచి నా చేతిలో పెట్టి, తాను కింది మెట్టుకు జరిగి కూచునింది. అదే మాకు రిజిస్ట్రేషన్. మెట్ల మీదుండే ఆడోళ్ళంతా సాక్షులు. అందరికీ ఆకూవక్కా ఇచ్చినాము. రైల్వేకు తెలీదు, తాలూకాఫీసుకు తెలీదు. అయినా ఒకరి మెట్టు ఇంకొకరికి పోయిందని నేను పుట్టి బుద్ధెరిగినాక వినలేదు. కోర్టులున్న పొలాలకు అంత భద్రం ఉండాదా?

సంబంధాలు గూడా మెట్టును బట్టే కుదిరేవి. మా చిన్నోడు సాయికుమార్‌కు పెద్దపంజాణి నుంచి సంబంధమొచ్చింది. పిల్లోడు ఏం చేస్తాడమ్మా అని పిల్ల నాయన అడిగినాడు. వాడు ఏమీ చెయ్యడు. అందుకని ఆ మాటకు జవాబు చెప్పకుండా, గాలి మెట్టు మాదే అన్నాను. ఆయన లేచిపోయినాడు. సంబంధం తప్పిపోయిందనుకున్నాను. చూస్తే ఆయన నేరుగా బెంగుళూరు పోయి, మేడ స్టేషన్‌లో దిగి, నా మెట్టు మీద నిలబడి, గాలి వస్తాందో లేదో మొహం పెట్టి చూసుకోనొచ్చి తాంబూలాలు పుచ్చుకున్నాడు! మా కోడలు మునీశ్వరి అట్లొచ్చింది మా ఇంటికి. మొగుణ్ణి చూసి కాదు, మెట్టును చూసి.

ఈ చలికాలం ఆ మెట్టు దానికి అప్పజెప్పాల్సింది. నా వేళ్ళు పితికి పితికి వంకర్లు తిరిగినాయి. దాని వేళ్ళు చురుకు. మంచి పొద్దు చూసి, పసుపు కొమ్ములు దంచి డబ్బాలో పోసి పెట్టినాను. అంతలో మిషన్లొచ్చినాయి. పెద్ద పెద్ద ఇనుప చేతులు. మెట్లు ముందరా, కప్పు ముందరా అని ఆలోచించకుండా అన్నీ ఒక దెబ్బన దించేసినాయి. ఎంత శుభ్రంగా పని చేసినాయంటే, ఇప్పుడు ఆడ నిలబడి చూస్తే పట్టాలు, స్తంభాలు, ఆకాశం, అంతే! బెంగుళూరులో అంత ఆకాశం ఇంకెక్కడన్నా ఊరికే చూపిస్తాండారా?

ఈ మేళ్ళలో మొదట చెప్పాల్సింది మోకాళ్ళను గురించి. ఆ మెట్లు ఎక్కి దిగి నా మోకాళ్ళు అరిగిపోయినాయని డాక్టరు చెప్పినాడు. మెట్లే లేకపోతే మోకాలు యాల నొస్తుంది? నాకిప్పుడు మేడ స్టేషన్ మెట్ల వల్ల ఒక్క నొప్పి కూడా లేదు. కాకపోతే రైలు ఆడ ఆగదు గాబట్టి పెద్ద స్టేషన్ దాకా పోయి దిగాల. ఆడ ఒక వంతెనెక్కి దిగాల. బయటికొచ్చి, నేల కింద దారిలో దిగి ఎక్కి, బస్సు పట్టుకోని వెనక్కి రావాల. బస్సు మెట్టు నా నడుమంత ఎత్తుంటుంది. అవన్నీ వేరే మెట్లు. ఆ నొప్పుల్ని మేడ స్టేషన్ లెక్కలో వేస్తే కండ్లు పోతాయి!

రైలు గూడా బాగుపడింది. ముందు ఆడ ఆగి, మా గంపలన్నీ దిగేదాకా ఒకటే కూత పెట్టేది. ఇప్పుడు ఆ బాధ లేదు, ఆగకుండా పోతుంది. కానీ పాపం, దానికీ పాత అలవాటు పోలేదు. ఆ స్తంభాల మీదికి రాంగానే మెల్లంగవుతుంది. అది మెల్లంగవుతానే పెట్టెలో ఉండే మా ఆడోళ్ళమంతా లేచి, చుట్ట కుదుర్లు నెత్తిన పెట్టుకోని, గంపలెత్తుకోని వాకిలి కాడికి పోతాము. ఇవాళ గూడా పోయినాము. ఆగదని తెలుసు. తెలిసినా నెత్తికెత్తుకుంటాము. మళ్ళా రైలు ఉరుకుతుంది, మళ్ళా దించుకుంటాము. దీన్ని చూసి పెట్టెలో పిల్లకాయలు నవ్వుతారు. నవ్వనీ. జిమ్ములో దుడ్డు కట్టి ఎత్తేదాన్ని మేము రైల్లో ఊరికే ఎత్తుతాండాము.

ఇంగ తగాదాలు. మెట్లుంటే తగాదాలుండవా? మదనపల్లె తులసమ్మ టమోటాలతో బస్సులో వచ్చి, రోడ్డుకు తగిలే అడుగు మెట్టు మీద కూచునేది. దాని టమోటా బాక్సులు సగం దారిలో పెట్టేది. మా బేరాలన్నీ దాని బాక్సులకు తట్టుకోని ఆడనే ఆగిపోయేవి. దినామూ నేను పైనుంచి ఒకటంటే అది కిందినుంచి రెండనేది. దాని తాత మొదలు నా మనవడి దాకా ఎవరినీ మిగిలిచ్చేవాళ్ళం కాదు. మా అరుపులు వినేదానికే కొందరు ఆఫీసుకు లేటుగా పోయేవాళ్ళని సుగ్రా చెప్తుంది. స్టేషన్ పోయింది, తగాదా పోయింది. శాంతి! మొన్న తులసమ్మ, స్టేషన్ జాగా చుట్టూ కట్టిన రేకుల కంచె పక్కన రోడ్డు మీద కనపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. బాక్సు దారికడ్డం పెట్టినావే అని ఒకటి వేసినాను. అది తలెత్తి చూసి, "జాగా కావాల్నా అక్కా? జరుపుతాలే, వచ్చి కూచో" అన్నింది.

తులసమ్మ నోట్లోంచి ఆ మాట వినంగానే నాకు భయమేసింది. మనిషికి ఒంట్లో ఏమన్నా బాగలేదేమోనని.

అయితే బాధపడినోళ్ళు లేరని కాదు. ఉండారు. స్టేషన్ పడగొడతారని తెలిసి, ఒక సాయంత్రం చదువుకున్న పిల్లోళ్ళు కొవ్వొత్తులు తీసుకోనొచ్చినారు. పాతకాలం కట్టడమంట, ఇట్లాంటి ఇనుప పని ఇంగ పుట్టదంట, కన్నీళ్ళు పెట్టుకున్నారు. నాకు ఎంత ముచ్చటేసిందో! ఆ ఇనుప కమ్మీల కింద అంతకాలం కూచున్నా, అవి అంత గొప్పవని మాకు తెలిసిందే లేదు. ప్రీతి అనే పాప పెద్ద కెమెరాతో నా కాడికొచ్చి, ఎంతో మర్యాదగా వంగి, "అవ్వా, కొంచెం పక్కకు జరుగుతారా? మీ గంప వల్ల ఆర్చ్ పూర్తిగా రావడం లేదు" అన్నింది. జరిగినాను. సుగ్రాను గూడా జరగమన్నాను. ఫోటో పేపర్లో పడింది. ఆర్చ్ భలే వచ్చింది. మెట్లు గూడా కడిగి ఆరబెట్టినట్లు వచ్చినాయి.

రైల్వే ఆఫీసోళ్ళ తెలివిని గూడా మెచ్చుకోవాల. స్టేషన్‌లోపల అద్దాల తలుపులతో టీ అంగడి పెట్టుకున్నాయనకు ఇంకో చోట జాగా ఇచ్చినారు. మేము పోయి, మాకో అని అడిగినాము. ఆ అధికారి కంప్యూటర్‌లో చాలాసేపు చూసినాడు. మెట్లంటే నడిచే దారమ్మా, దారిలో ఎవరూ ఉండకూడదు గాబట్టి మీరు ఆడ లేనట్లే లెక్క అని వివరంగా చెప్పినాడు. ఎంత సులువుగా తేలిపోయిందో చూడండి! ఉన్నోళ్ళను ఖాళీ చేయించాలంటే పోలీసులు గావాల, నోటీసులు గావాల. లేనోళ్ళను ఖాళీ చేయించేదానికి ఏం ఖర్చు?

ఇంత మాట్లాడినాను గానీ, అసలైన మాట ఇంకా చెప్పలేదు. ఇన్ని మేళ్ళకు కారణమైన ఆ స్టేషన్‌ను ఎవరు పడగొట్టమన్నారనుకుంటాండారు? మంత్రులా? కాంట్రాక్టర్లా?

మేమే!

పేదోళ్ళ మాట సర్కారు వినదని ఎవరన్నా అంటే నా కాడికి పంపించండి. పోయినేడు ఒకాయన మెడలో కార్డేసుకోని, చేతిలో పలకంత ఫోను పట్టుకోని వచ్చినాడు. స్టేషన్‌లో మీ కష్టాలేమిటని ప్రయాణికుల్ని అడుగుతాండాడు. ప్రయాణికులకు నిలబడే తీరిక యాడుండాది? ఎవరూ ఆగలేదు. తీరిగ్గా కూచున్నోళ్ళం మేమే. మమ్మల్ని అడిగినాడు. మా జన్మలో మీ కష్టమేమని అడిగినోడు ఆయనే మొదలు.  సుగ్రా ముందుగా నోరు తెరిచింది.

"మోకాళ్ళు పోతాండాయి సాబ్. మాల్‌లో ఉంటాయి సూడు, వాటంతటవే నడిసే మెట్లు, అవి పెట్టియ్యి. గంప పట్టుకోని నిలబడితే సాలు, పైకి పోతాము."

అబ్బ, ఎంత బాగా చెప్పింది! అందరం మోకాళ్ళు పట్టుకోని తలలూపినాము. తులసమ్మ, నేను ఒకే మాట మీద ఉండింది ఆ ఒక్క దినమే. అందరికీ ఇదే కావాల్నా అని ఆయన అడిగితే, అందరం చేతులెత్తినాము. ఆయన ఫోన్‌లో టకటకా కొట్టుకోని, మీ కోరిక తప్పకుండా తీరుతుందని నవ్వుకుంటా పోయినాడు.

చేతులెత్తింది ఎట్లెత్తినామనుకుంటాండారు? లేచి నిలబడినామా? లేదు. ఎవరి మెట్టు మీద వాళ్ళం కూచోనే ఎత్తినాము. ఒక్కదానికన్నా తట్టలేదు!

తర్వాత పెద్దోళ్ళంతా కూడబలుక్కున్నారంట. నడిచే మెట్లు పెట్టాలంటే పాత మెట్లు తియ్యాల. పాత మెట్లు తీస్తే గోడ నిలబడదు. గోడ పోతే కప్పు నిలబడదు. అందుకని మొత్తం దించి కొత్తగా కడతామన్నారు. మా మోకాళ్ళ కోసం అంత పెద్ద స్టేషన్‌ను పడగొట్టినారప్పా. మహారాణుల మోకాళ్ళకు గూడా జరిగుండదు ఇంత గౌరవం.

మాలో మొదట తెలివొచ్చింది మునీశ్వరికి. మిషన్లు దిగిన వారమే, ఇంట్లో ఇద్దరమూ అనప గింజలు పితుకుతాండాము. కొత్త స్టేషన్ వస్తే నా మాదిరి నువ్వు కష్టపడనక్కర్లేదు, నడిచే మెట్లొస్తాయి అని గొప్పగా చెప్పినాను. అది పితికేది ఆపి నా మొహంలోకి చూసింది.

"అత్తా, ఆ మెట్లు నడస్తానే ఉంటాయి గదా. నేను గోనెపట్ట యాడ పరిసేది?"

నాది మూడో క్లాసు, దానిది పదో క్లాసు. చదువుకు ఆమాత్రం తేడా ఉంటుంది. నా వేళ్ళ నడుమ గింజ ఉండాది, పితకడం మరిచిపోయినాను.

అయినా నేను అంత సులువుగా ఓడిపోయేదాన్ని కాదు. నడిచే మెట్ల మీద యాపారం ఎట్ల చెయ్యచ్చో ఆ రేయంతా ఆలోచన చేసినాను. మునీశ్వరి కింద కూచుంటుంది. ఒకామె వస్తుంది. పితికిపప్పు ఎట్లమ్మా అంటుంది. మునీశ్వరి చెప్తుంది. అంతేనా తగ్గించవా అంటుంది. అప్పటికి ఇద్దరూ నడుమకొచ్చుంటారు. కొంచెం తగ్గించి, కొంచెం బతిమాలి, పప్పు కొలిచేలోపల పైకొస్తారు. ఆమె రైలెక్కి పోతుంది. మునీశ్వరి గంపెత్తుకోని, పక్కన దిగే మెట్ల మీద కూచోని, ఇంకొకామెతో బేరం మొదలుపెట్టి కిందికొస్తుంది. దినమంతా అట్లనే, గిలక బావిలో చేద మాదిరి. బాగానే ఉండాది గదా! తులసమ్మతోనే చిక్కు. దాని టమోటా బాక్సు ఒకటి ఆ మిషన్ కోరల్లోకి పోయిందంటే, కింద దిగినోళ్ళకంతా చొక్కాల మీద రసమే.

ఈ ఉపాయం మునీశ్వరికి చెప్తే నవ్వలేదు. మెట్టును చూసి కదత్తా మా నాయన నన్నిచ్చింది, అని మాత్రం అనింది.  పసుపు డబ్బా మూత బిగించి పైన పెట్టేసినాను.

పోయిన వారం రేకుల కంచెకు ఒక పెద్ద బొమ్మ కట్టినారని తెలిసి, మునీశ్వరీ నేనూ సుగ్రా పోయినాము. కొత్త స్టేషన్ ఎట్లుంటుందో ఆ బొమ్మలో ఉండాది. అంతా అద్దాలే. నడుమ వెండి మాదిరి మెరిసే నడిచే మెట్లు. వాటి మీద బ్యాగులేసుకున్న మనుషులు, అందరూ పండ్లు కనపడేట్లు నవ్వుతాండారు. ఆడ మురళీధర్ అని ఒక ఇంజనీరు సారుండాడు. మంచి మనిషి. మమ్మల్ని చూసి కసురుకోలేదు. అవ్వా, మీలాంటి పెద్దోళ్ళ కోసమే ఇదంతా అన్నాడు. మీరడిగిందే గదా, తీసుకోండి అన్నట్లు ఆ బొమ్మను చూపిచ్చినాడు. గంపలతో కూచోవచ్చునా సార్ అని సుగ్రా అడిగితే, కూచోకూడదమ్మా, కొంగు ఇరుక్కుంటే మనిషే పోతుందని భయంగా చెప్పినాడు. నిజంగానే మా మేలు కోరి చెప్పినాడు, ఆయన్నేమనేది?

మునీశ్వరి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. చూసి, మెల్లగా అడిగింది.

"సార్, కరెంటు పోతే ఆ మెట్లేమైతాయి?"

"ఆగిపోతాయమ్మా. అప్పుడు మామూలు మెట్ల మాదిరే నడిచి ఎక్కచ్చు."

"ఎంతసేపు ఆగుతాయి?"

ఆ పిల్ల భయపడతాందనుకున్నాడు పాపం. "ఎక్కువ సేపు కాదమ్మా, మేము వెంటనే జనరేటర్ వేసేస్తాము" అని ధైర్యం చెప్పినాడు.

"దాంట్లో డీజిల్ లేకపోతే?"

సారు నా వైపు చూసినాడు. నేను బొమ్మ వైపు చూసినాను. మునీశ్వరి ఎగతాళికి అడగలేదు. దాని బొటనవేలు చూపుడు వేలు మీద ఆడతాండాది. కరెంటు పోయి వచ్చేలోపల ఎన్ని గింజలు పితకొచ్చునో చూసుకుంటాండాది.

అందుకని బెంగుళూరులో ఉండే మా నాయనలకు, మా తల్లులకు ఒక మనవి. కొత్త స్టేషన్ తెరిచినాక మీ వీధిలో కరెంటు పోతే కరెంటాఫీసుకు ఫోన్ చేసి తిట్టబాకండి. ఫ్యాను ఆగిందని, టీవీ ఆగిందని అట్ల పళ్ళు నూరబాకండి. కరెంటు పోయేంత మేలు ఈ లోకంలో ఇంకోటి లేదు! మీ ఇంట్లో చీకటైన ఆ కాసేపు, ఆడ వెండి మెట్లు ఆగుంటాయి. మా కోడలు గోడ వారగా గోనెపట్ట పరుచుకోని, గంప ముందర పెట్టుకోని కూచోనుంటుంది. మీరు ఆ దారిన పోతాంటే నిలబడి ఒక గ్లాసు పితికిపప్పు కొనండి.

బేరమాడబాకండి. బిరీన కొనండప్పా, జనరేటర్ వేసేస్తారు.